చేయి ఆగిన రోజు

మా బావ గురించి చెప్పమంటే నేను ముందు తిడతాను, తర్వాత పొగుడుతాను. వరస అలాంటిది. అక్క మొగుణ్ణి ఆటపట్టించే హక్కు మరదలికి పుట్టుకతోనే వస్తుంది, దాన్ని నేను ఏనాడూ వదులుకోలేదు. ఈమధ్య మాత్రం తిట్లు తగ్గి పొగడ్తలు పెరిగాయి. ఆ తప్పు ఆయనదే, నాది కాదు.

మా బావ చెక్క సామానుకి పాలిష్ పెట్టే మనిషి. యంత్రంతో చిమ్మే రకం కాదు, చేత్తో పెట్టే లక్క పాలిష్. లక్క రేకుల్ని స్పిరిట్‌లో నానబెట్టి కరిగిస్తారు. దూదిని మెత్తటి నూలుగుడ్డలో చుట్టి గుప్పిట్లో పట్టేంత ఉండ చేసి, దాన్ని అందులో తడిపి, చెక్క మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దుతారు. ఒక పూత ఆరాక ఇంకో పూత. ఉల్లిపొర కంటే పల్చటి పూతలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటేనే ఆ మెరుపు వస్తుంది. ఈ పనిలో తప్పకూడని నియమం ఒకటుంది. ఉండ చెక్క మీద ఉన్నంతసేపూ చేయి ఆగకూడదు. ఆగిందా, స్పిరిట్ కింది పూతల్ని కరిగించేస్తుంది, ఉండ అక్కడే అతుక్కుంటుంది, తీస్తే గుడ్డ నేత అచ్చుగుద్దినట్టు మచ్చ మిగులుతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లకి కార్ఖానా పెద్దమేస్త్రి మొదట చెప్పే మాట అదే.

మా బావ చేయి ఎన్నడూ ఆగి ఎరగదు. ఆయన చేతిలోంచి బయటికొచ్చిన బల్లలో చూసుకుని తల దువ్వుకోవచ్చు. కొత్తగా పెళ్లయినప్పుడు మా అక్క నిజంగానే అలా దువ్వుకునేది, అద్దం కొనమని పోరు పెట్టలేదు. మేస్త్రి నోటి వెంట మెచ్చుకోలు రావడమంటే రాయిలోంచి నీళ్లు రావడమే, ఆయన కూడా వీడి చేతిలో ఏదో ఉందిరా అనేవాడు.

తాగి ఉన్నప్పుడు కూడా ఆ చేయి ఆగలేదు, అదీ మా ఖర్మ. కాళ్లు తడబడేవి, నాలుక మందమయ్యేది, చేయి మాత్రం గానుగెద్దులా తిరుగుతూనే ఉండేది. పని బాగున్నంతకాలం మనిషి ఎలా ఉన్నాడని ఎవరడుగుతారు? మేస్త్రి అడగలేదు, సామాను పట్టుకెళ్లినవాళ్లు అడగలేదు. అడిగింది మా అక్క ఒక్కతే. ఆమెకి వచ్చిన జవాబులు ఇక్కడ రాయను. చివరికి బయట తాగడం చాలక కార్ఖానా డబ్బాలోని స్పిరిట్‌కే చేయి చాపాడు. అది ఎవరూ తాగకుండా విషం కలిపిన సరుకని ఆయనకి తెలియక కాదు. ఒక రోజు పని మధ్యలో కళ్లు కనిపించడం లేదన్నాడు. ఆస్పత్రిలో ప్రాణం దక్కింది, కొన్నాళ్లకి చూపూ తిరిగొచ్చింది. ఇలాంటివాళ్లలో చాలామందికి రాదని డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది.

మా అక్క ఆ ఆస్పత్రిలోనే బట్టలు ఉతికే విభాగంలో పని చేస్తుంది. మొగుడు పడుకున్న మంచం దుప్పటి తనే ఉతికి, తనే పరిచి, ఆయన కళ్లు తెరిచాక ఒక మాట చెప్పి బయటికొచ్చింది. "నేను అరవను, ఏడవను. నాకు నమ్మకం కలిగిన రోజున నా అంతట నేనే వస్తాను. మీరు పిలవొద్దు." కూతుర్ని తీసుకుని నా కుట్టుషాపు వెనక గదిలోకి వచ్చేసింది. మా ఆయన లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి కాబట్టి చోటుకి ఇబ్బంది లేకపోయింది. అక్క పగలంతా మామూలుగానే ఉండేది. ఎవరైనా గుమ్మం దగ్గర దగ్గితే మాత్రం చేతిలో పని ఆపి చూసేది.

బావని ఆస్పత్రివాళ్లే డీఅడిక్షన్ సెంటర్‌కి పంపారు. అక్కడికి వారానికోసారి ఒక ముసలాయన వచ్చేవాడు. పూర్వం సిటీ బస్సు నడిపేవాడట, అందరూ డ్రైవర్ తాత అనేవాళ్లు. ఒకప్పుడు తనూ పీకలదాకా తాగినవాడే. కుర్చీ లాక్కుని కూర్చుని పరిశుద్ధ గ్రంథం చదివి వినిపించేవాడు, విన్నవాళ్లు వింటారు, నిద్రపోయేవాళ్లు నిద్రపోతారు, ఎవర్నీ ఏమీ అనేవాడు కాదు. బావ మొదట్లో నిద్రపోయే జట్టు.

ఒకసారి తాత ఆయన్ని, మీ ఇంట్లో గ్రంథం ఉందా అని అడిగాడు. ఉంది. వాళ్లమ్మ వదిలి వెళ్లినది, ఇటుకంత మందం. జిగురు పెట్టిన చెక్కరేకులు పైకి లేవకుండా బావ దాన్ని బరువు పెట్టుకోవడానికి వాడేవాడు. అంతకాలంలో ఆ గ్రంథం చేత ఆయన చేయించుకున్న సేవ అదొక్కటే. అట్టంతా జిగురు మరకలు. తెచ్చి ఇమ్మని నాకు కబురు పెడితే గొణుక్కుంటూనే పట్టుకెళ్లాను. దేవుడి దగ్గర నాకు అంత చనువు లేదు. నా సంగతి ఆయనకీ, ఆయన సంగతి నాకూ తెలుసన్నట్టు ఉంటాం.

తాత ఎక్కువ చదవొద్దన్నాడట. ఒక్క ముక్క పట్టుకో, రోజంతా దాన్నే నములు, అన్నాడట. బావ తెరిచిన చోట ఒక కథ ఉంది. బానిసత్వం నుంచి బయటపడ్డ జనం ఎడారిలో నడుస్తూ, ఆకలేసేసరికి, అక్కడైతే కడుపునిండా తిన్నాం కదా, మళ్లీ అక్కడికే పోదామని ఏడుస్తారు. దేవుడు వాళ్లకి రోజూ తిండి కురిపిస్తాడు. కానీ ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. రేపటికని దాచుకుంటే పురుగు పడుతుంది. బావ అది చదివి నవ్వాడట. ఆ సెంటర్‌లో ఆయన నవ్వడం అదే మొదటిసారని తాత నాకు చెప్పాడు. నేను చూడబోయినప్పుడు బావ ఆ పేజీ చూపించి అన్నాడు. "మరదలా, వీళ్లు అచ్చం నాలాగే ఉన్నారే. కొట్టినచోటికే పోదామంటున్నారు, కూర బాగుంటుందని."

నాకూ నవ్వొచ్చింది. బయటికొచ్చాక ఏడుపొచ్చింది.

సెంటర్ నుంచి వచ్చాక వృత్తి మార్చుకోమని అక్కడివాళ్లు గట్టిగా చెప్పారు. స్పిరిట్ డబ్బా పక్కన కూర్చుని తాగుడు మానడమంటే నిప్పుల మీద పడుకుని వేడి లేదనుకోవడమే. బావ వినలేదని అనకూడదు, విన్నాడు. ఒక దుకాణానికి కాపలా ఉన్నాడు. కూర్చున్న కుర్చీ చేతుల్ని మోచేత్తో రుద్ది రుద్ది మెరిపించాడని దుకాణంవాళ్లు నవ్వుకున్నారు. మనిషి ఒడ్డున పడ్డ చేపలా అయిపోయాడు. ఆఖరికి మేస్త్రి దగ్గరికెళ్లి నిలబడితే, చెక్కని ఉప్పుకాగితంతో గీకే పని మాత్రం ఇస్తాను, పాలిష్ గది గుమ్మం తొక్కొద్దన్నాడు. తలొంచుకుని ఒప్పుకున్నాడు. పాలిష్‌లో పేరు మోసిన మనిషి చెక్కపొడిలో ముక్కూ మూతీ కట్టుకుని కూర్చున్నాడు. ఒంటరిగా ఆ ఇంట్లో వండుకుని, తిని, ఆ కథే చదువుకుని పడుకునేవాడు. మా అక్క ఇవన్నీ విన్నది. ఇంకా నమ్మకం కుదరలేదంది. ఆమెని నేను తప్పు పట్టను.

అలా ఉండగా ప్రార్థన మందిరంలో కప్పు కారి, గ్రంథం పెట్టి చదివే బల్ల పాడైంది. పాత బల్ల, ముదురు తేనెరంగు. నీళ్లు పడ్డ చోటల్లా తెల్లగా పొక్కింది. మందిరం పెద్దలు మేస్త్రిని పిలిచారు. మేస్త్రి వేళ్లు కీళ్లనొప్పులతో బిగుసుకుపోయాయి, ఆ రంగు కలపగలిగేవాడు ఇంకొక్కడే. మేస్త్రి రెండు రోజులు గింజుకుని, ఆ ఒక్కణ్ణే పిలిచాడు. షరతు పెట్టాడు. డబ్బాతో ఒంటరిగా ఉండకూడదు. ఒక్కసారి జారినా కార్ఖానా వైపు రావద్దు.

బావ డ్రైవర్ తాతని అడిగాడు. తాత వద్దనలేదు, వెళ్లమనీ అనలేదు, ఒంటరిగా వెళ్లకు అన్నాడు. అక్క నా వైపు తిరిగి, నువ్వెళ్లి కూర్చో అంది. ఆమె గొంతు విన్నాక నాకు విషయం అర్థమైంది. ఈ బల్ల పూర్తయ్యేసరికి మా అక్క కాపురం అటో ఇటో తేలిపోతుంది.

కుట్టుమిషన్ రిక్షాలో వేయించుకుని వెళ్లాను. మందిరం పక్కనున్న చిన్నగది అది. పూత మీద దుమ్ము పడకూడదని తలుపులూ కిటికీలూ బిగించి పెట్టారు. స్పిరిట్ వాసన కళ్లల్లోకి ఎక్కేది. గుమ్మం దగ్గర నేను స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటూ, లోపల ఆయన రుద్దుకుంటూ. సాయంత్రం పని ముగిశాక ఒక తంతు పెట్టాను. నా ముందుకొచ్చి నిలబడాలి. "ఊదు బావా" అంటాను, ఊదుతాడు. తాగిన నోటికీ, వాసన పీల్చిన నోటికీ తేడా మా ఇంట్లో చిన్నపిల్లకి కూడా తెలుసు. ఆయన ఒక్కరోజూ చిన్నబుచ్చుకోలేదు.

రుద్దుతున్నంతసేపూ, పూత ఆరేదాకా ఏదో గొణిగేవాడు. బల్లకి ప్రవచనం చెబుతున్నావా అని ఆటపట్టించాను. చెబుతున్నది బల్లకి కాదన్నాడు. పూత ఆరిందో లేదో చూసుకోవడానికి ఇదివరకు గడియారం చూసేవాడట. ఇప్పుడు కన్ను పైకెత్తితే అది డబ్బా మీదే పడుతోంది. అందుకని కంఠస్థం చేసిన ఆ ఎడారి కథ మొదట్నుంచీ చివరిదాకా చెప్పుకుంటాడు. కథ అయ్యేసరికి పూత ఆరుతుంది, నోరు ఖాళీగా ఉండదు. ఇంకో మాట కూడా అన్నాడు. "నాకు బలం ఉందని అనుకోకు. ఇవాళ్టికి సరిపడా ఇస్తున్నాడు, అంతే. పొద్దున్నే వెళ్లి ఏరుకుంటున్నాను." నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను.

పని ఇంక నాలుగైదు పూతల్లో అయిపోతుందనగా స్కూలు నుంచి ఫోను వచ్చింది. చిన్నదానికి ఒళ్లు కాలిపోతోంది, ఎవరైనా వచ్చి తీసుకెళ్లండి అని. అక్క డ్యూటీలో ఉంది, ఫోను ఎత్తలేదు. బావ వెళ్దామంటే పూత మధ్యలో ఉంది. వెళ్లు మరదలా, పిల్ల ముందు, అన్నాడు చేయి ఆపకుండానే. వెళ్లాను.

పిల్లని భుజాన వేసుకుని తిరిగొచ్చేసరికి గదిలో మనిషి లేడు. డబ్బా మూత తీసి ఉంది. బల్ల నడిమధ్యలో గుడ్డ ఉండ అతుక్కుని ఉంది. మా బావ ఉండని చెక్క మీద వదిలేయడమంటే, తల్లి పసిపిల్లని రోడ్డు మీద వదిలేయడం లాంటిది. ఇక అయిపోయిందనుకున్నాను. నోటికొచ్చిన తిట్లన్నీ వరసగా పేర్చుకుంటూ మందిరంలోకి నడిచాను.

చివరి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఆ జిగురు మరకల గ్రంథం. లక్క అంటిన వేళ్లతోనే పేజీలు తిప్పినట్టున్నాడు, అంచులన్నీ వేలిముద్రలు. పిల్లని బెంచీ మీద పడుకోబెట్టి, ఊదు అన్నాను. ఊదాడు. లక్క వాసన తప్ప ఇంకేమీ లేదు. పక్కనే కూలబడ్డాను.

ఆయన పిల్ల నుదుటి మీద మోచేయి ఆనించి జ్వరం చూస్తూ చెప్పాడు. "కథ చెప్పుకుంటూనే ఉన్నా. పిల్లకి జ్వరమన్నారు కదా, దిగులుతో మధ్యలో ఒక మాట మర్చిపోయా. ఎంత వెతికినా రాలేదు. మాట పోయేసరికి వాసన ఒక్కటే మిగిలింది. కుడిచేయి రుద్దుతూనే ఉంది, ఎడమచేయి మూత తీసేసింది. ఆ మాటేమిటో చూసుకుందామని లేచొచ్చేశా."

దొరికిందా అని అడిగాను. దొరికిందన్నాడు. ఏమిటని నేను అడగలేదు.

మేస్త్రి రోజూ పని చూడ్డానికి వచ్చే వేళ అది. గదిలోంచి ఆయన అరుపు వినిపించింది. మేము వెళ్లేసరికి ఉండ ఊడదీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. అద్దంలాంటి బల్ల మీద గుప్పెడంత గరుకు మచ్చ, నేతలో పోగులు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. మేస్త్రి మొహం చూడలేకపోయాను. కోపం కంటే బాధే ఎక్కువ కనిపించింది. తాగావు కదరా అన్నాడు. నేను అడ్డుపడి, వాసన చూశాను, తాగలేదు అని ఒట్టేశాను. ఈ గదిలో గోడ ఊదినా స్పిరిట్ వాసనే వస్తుంది, నువ్వు మరదలివి, వెనకేసుకురాక ఏం చేస్తావు, అన్నాడాయన. డబ్బా చూద్దామంటే అందులో పనికి పోయిందెంతో, ఇంకోలా పోయిందెంతో ఎవరు చెప్పగలరు? బావ మాత్రం ఒట్టు వేయలేదు. ఇదివరకు ఎన్నిసార్లు ఒట్లు వేశాడో గుర్తొచ్చి ఉంటుంది.

అంతలో నా కబురు అంది అక్క వచ్చింది, డ్యూటీ బట్టలతోనే. ముందు పిల్లని చూసింది. మాత్ర వేశామన్నాక గదిలోకి వచ్చింది. మొగుడి మొహం చూడలేదు, నోరు వాసన చూడలేదు. తిన్నగా బల్ల దగ్గరికెళ్లి వంగి మచ్చని చూసింది. ఒకప్పుడు బావకి ఉండలు చుట్టి ఇచ్చింది మా అక్కే. ఏ గుడ్డ ఎలా అచ్చుపడుతుందో ఆమెకి తెలుసు. వేలితో మచ్చ చుట్టూ తడిమింది. లాగిన గీత లేదు, జారిన జాడ లేదు. మెల్లగా ఆపి, వదిలేసి వెళ్లిన మచ్చ అది.

"ఎన్నేళ్లుగా ఈయన మీ దగ్గర పని చేస్తున్నాడు మేస్త్రీ" అంది. ఆయన ఏదో చెప్పబోయాడు. అక్క ఆగలేదు. "తాగినన్నాళ్లూ ఇల్లు ఆగిపోయింది, నేను ఆగిపోయాను, పిల్ల నవ్వడం ఆగిపోయింది. ఈయన చేయి మాత్రం ఒక్కసారీ ఆగలేదు. తాగి ఉంటే ఇవాళ కూడా ఆగేది కాదు."

బావ గోడకి ఆనుకుని, మొహం మోచేతిలో దాచుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను ఆయన్ని అంతవరకూ అలా చూడలేదు. తాగి ఏడ్చినప్పుడు చూశాను కానీ, అది లెక్కలోకి రాదు.

మేస్త్రి చాలాసేపు ఉండని అటూ ఇటూ తిప్పాడు. పొద్దున్నే చెక్క కనపడేదాకా గీకి, మళ్లీ మొదలుపెట్టు అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, మూత బిగించుకో, స్పిరిట్ ఆవిరైపోతుంది, అన్నాడు. ఆ మనిషి క్షమాపణ అడగడమంటే అంతే.

మర్నాడు నేను మిషన్ దగ్గరికి వెళ్లేసరికి నా కుర్చీలో అక్క కూర్చుని ఉంది. సెలవు పెట్టానంది. ఒళ్లో కొత్త నూలుగుడ్డ, పక్కన దూది, చేతిలో సగం చుట్టిన ఉండ. బావ చెక్క గీకుతున్నాడు, మచ్చతో పాటు అన్నాళ్ల కష్టమూ పొడై రాలుతోంది. నేనైతే ఆ మచ్చని పటం కట్టించి గోడకి తగిలించేదాన్ని. ఆయనకి మాత్రం అది పనిలో వచ్చిన తప్పు, దిద్దుకోవాలి, అంతే. నా కాపలా ఉద్యోగం ఊడిపోయింది. ఊడినందుకు సంతోషించిన ఉద్యోగం అదొక్కటే.

బల్లని మందిరంలో నిలబెట్టిన రోజు మొదటి పాఠం బావని చదవమన్నారు. డ్రైవర్ తాత ముందు బెంచీలో కూర్చున్నాడు. బావ బల్ల ముందుకెళ్లి, అలవాటు కొద్దీ ముందు తల పక్కకి వంచి వెలుగులో మెరుపు చూసుకున్నాడు. జనం నవ్వారు. తర్వాత కుడిచేయి బల్ల మీద ఆనించి ఆ ఎడారి కథే చదివాడు. చదువుతున్నంతసేపూ ఆ చేయి కదల్లేదు, వణకలేదు. నా పక్కన మా అక్క వెన్ను నిటారుగా పెట్టుకుని, కిరీటం పెట్టుకున్న మహారాణిలా కూర్చుంది. నేను ఊరికే ఉన్నానా, వెనక వరసలో ఎవరో ఆయనెవరని అడిగితే, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ మా బావ అని చెప్పాను.

ఆ సాయంత్రమే అక్క బట్టలు సర్దుకుంది. తీసుకెళ్లడానికి బావ వచ్చాడు. మామూలుగా నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇక అక్కర్లేదులే బావా, నేను నమ్మాను, అన్నాను. ఆయన కదల్లేదు.

"నువ్వు నమ్మావు. ఇది ఇవాళ్టిది. రేపటిది రేపు ఏరుకోవాలి కదా" అని ఊదాడు.

ఇప్పుడు కార్ఖానాలో పాలిష్ గదికి ఆయనే పెద్ద. వారానికోసారి సెంటర్‌కి వెళ్లి తాత పక్కన కూర్చుంటాడు, నిద్రపోయేవాళ్లని నిద్రపోనిస్తాడు. పని నుంచి ఇంటికెళ్తూ చుట్టు తిరిగి మరీ మా షాపు ముందు ఆగుతాడు. నేను మిషన్ ఆపను, తల ఎత్తను. "ఊదు బావా" అంటాను. ఊదుతాడు. వెళ్లు, అక్క ఎదురుచూస్తోంది, అంటాను. వెళ్తాడు.